ఫొటోకి చిక్కని జెముడుకాకి

అనగనగా ఒక అడవి. ఎంత పెద్ద అడవంటే, రెండు వందల గజాల అడవి.

నవ్వకండి పిల్లలూ. మా కాలనీలో అందరూ ఇళ్ళు కట్టేసుకున్నాక మా ఇంటి పక్కన ఒకే ఒక్క ఖాళీ స్థలం మిగిలిపోయింది. దాని ఓనరు ఎవరో, ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు. ఆయన రాలేదు, ఇల్లు కట్టలేదు. ఆయన రాలేదు కదా అని తుమ్మచెట్లు వచ్చాయి. తుమ్మచెట్లు వచ్చాయని తీగలు వచ్చాయి. తీగలు వచ్చాయని తొండలు, ఉడుతలు, గోరింకలు వచ్చి కాపురం పెట్టాయి. మనం ఖాళీ స్థలం అంటాం. వాటిని అడిగితే అడవి అనే అంటాయి, నేను అడిగాను.

ఎలా అడిగావు పెద్దమ్మా అంటారా? కథలో జంతువులు మాట్లాడతాయి. కాదనేవాళ్ళు లేచి వెళ్ళి హోంవర్కు చేసుకోవచ్చు.

ఎవరూ లేవలేదు కదా? సరే, వినండి.

ఆ అడవిలో ఒక జెముడుకాకి ఉండేది. పేరులో కాకి ఉంది గానీ అది కాకి జాతి కాదు. ఒళ్ళు నల్లగా ఉంటుంది, రెక్కలు ఇటుక రంగులో ఉంటాయి, కళ్ళు ఎర్రగా ఉంటాయి. ఎగరడమంటే దానికి మహా బద్ధకం. పొదల్లో నక్కి నక్కి నడుస్తుంది. ఖాళీ బిందెలో మూతి పెట్టి అరిచినట్టు "ఊప్... ఊప్... ఊప్..." అంటుంది. గొంతు వినపడుతుంది, మనిషి కనపడదు. మనిషి కాదులెండి, పక్షి.

దాన్ని చూస్తే మంచి జరుగుతుందని మనవాళ్ళకి నమ్మకం. పరీక్షకి వెళ్ళేవాళ్ళు, పెళ్ళిచూపులకి వెళ్ళేవాళ్ళు, అందరూ ఆ గోడ మీంచి ఒకసారి తొంగి చూసి మరీ వెళ్ళేవాళ్ళు. అది ఎవరికీ కనపడేది కాదు.

ఎందుకు కనపడదో మీకు ముందే చెప్పేస్తాను. ఆ వానాకాలం అది తుమ్మపొద నడుమ గడ్డితో బంతిలా గూడు కట్టింది. అందులో రెండు పిల్లలున్నాయి. ఇంకా కళ్ళు కూడా సరిగ్గా తెరవని పిల్లలు. మా ఇంటి ముందు కరెంటు స్తంభం మీద ఒక కాకి ఉండేది, అసలు సిసలు కాకి. పక్షి గూడు కనపడితే చాలు, పిల్లల్ని ఎత్తుకుపోయేది. అందుకని జెముడుకాకి ఒకటే అనుకుంది: "నన్ను ఎవరూ చూడకూడదు. నన్ను చూస్తే నా గూడు చూసినట్టే."

ఇదంతా మీకు ఇప్పుడే తెలిసిపోయింది. నాకు మాత్రం అప్పటికి ఏమీ తెలియదు.

ఇప్పుడు కథలోకి ఒక మేధావి వస్తుంది. పొట్టిగా ఉంటుంది, లావుగా ఉంటుంది, ముక్కు మీద కళ్ళజోడు, మెళ్ళో తన తలకాయంత కెమెరా. ఆ మేధావి పేరు మాణిక్యాంబ. అంటే మీ పెద్దమ్మ. అంటే నేనే.

కెమెరా ఎక్కడిదంటే, మీ మావయ్య కొత్తది కొనుక్కుని పాతది నాకిచ్చాడు. ఇచ్చిన రోజు నుంచి నేను కనపడిన ప్రతివాళ్ళనీ నిలబెట్టి ఫొటోలు తీశాను. ఎదురింటి పాపకి అన్నప్రాశన చేస్తే నన్నే తియ్యమన్నారు. పాయసం గిన్నె బ్రహ్మాండంగా వచ్చింది. పాపకి మాత్రం తల రాలేదు. నేను ఎవర్ని తీసినా అంతే, మెడ దాకా వచ్చి ఆగిపోయేది.

"నీ ఫొటోల్లో మనిషిని గుర్తుపట్టాలంటే చెప్పులు చూసి గుర్తుపట్టాలి" అనేవారు మీ పెదనాన్న.

ఒకరోజు మా కాలనీ సెక్రటరీ నూకరాజుగారు స్కూటరు ఆపి లోపలికి వచ్చారు.

"మాణిక్యాంబగారండీ, ఈసారి చవితి పందిరి ముందు ఫ్లెక్సీ కొత్త రకంగా వేయిద్దామనుకుంటున్నామండి. 'మన కాలనీ పక్షులు' అని. చుట్టూరా పిచికలూ పావురాలూ పెట్టేశామండి. మధ్యలోకి జెముడుకాకి కావాలండి. పందిట్లోకి వచ్చే ప్రతివోళ్ళూ ముందు దాన్నే చూడాలి. కాలనీ అంతటికీ శుభం కదండీ."

"అదెంత పనండీ!" అన్నాను నేను.

మీ పెదనాన్న పేపరు కిందికి దించి, "పాయసం గిన్నె కావాలంటే ఇప్పుడే ఇచ్చేస్తుందండీ. పక్షంటే కొంచెం టైం పట్టొచ్చు" అన్నారు.

నూకరాజుగారు నవ్వు ఆపుకున్నారు. పాపం మంచి మనిషి. "కింద మీ పేరు పెద్ద అక్షరాలతో వేయిస్తానండి" అన్నారు.

నిజం చెప్పొద్దూ, నేను పడిపోయింది అక్కడే. పెద్ద అక్షరాలు అనగానే నాకు ఇంక వేరే మాట వినపడలేదు.

మర్నాడు పొద్దున్నే కెమెరా తగిలించుకుని గోడ దగ్గరికి వెళ్ళాను. స్తంభం మీద కాకి నన్ను చూసి కిందికి దిగింది.

"ఏమ్మా, ఫొటోలా? ఇదిగో, ఎడమ వైపు నుంచి తియ్యి. నా ఎడమ వైపు బాగుంటుంది" అంది.

"పోవే. కాకిని ఎవరైనా ఫొటో తీస్తారా?" అన్నాను.

"ఎవరూ తియ్యరు. అందుకే అడుగుతున్నాను" అంది కాకి. కాస్సేపు నా మొహంలోకి చూసింది. "పోనీ ఎవర్ని తీస్తావు? ఎటు చూస్తున్నావు?"

ఆ కాకికి అదొక అలవాటు. మనుషులు ఎటు చూస్తే అది అటు చూస్తుంది. మనం సంచీలోకి చూస్తే సంచీలోకి, డబ్బాలోకి చూస్తే డబ్బాలోకి. దాని కడుపు నిండేది ఆ అలవాటుతోనే.

నేను పొద వైపు కెమెరా పెట్టి నిలబడ్డాను. కళ్ళు కాయలు కాశాయి. జెముడుకాకి రాలేదు.

గోడ మీద ఒక తొండ ఎండ కాగుతోంది. నన్ను చూసి తల పైకీ కిందికీ ఊపింది.

"అలా వస్తే అది కనపడదు" అంది. "ఆ ఎర్రచీర ఏమిటి? నాలాగ రంగు మార్చుకో."

సలహా బాగుందనిపించింది. ఇంట్లోకి వెళ్ళి ఆకుపచ్చ దుప్పటి ఒకటి తెచ్చుకుని నెత్తి మీంచి కప్పుకున్నాను. గోడ వారన స్టూలు వేసుకుని కూర్చున్నాను. కెమెరా మూతి ఒక్కటే బయటికి పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అలా కూర్చున్నానో లేదో పొదలో ఆకులు కదిలాయి. ఇటుక రంగు రెక్క ఒకటి కనపడింది. బటన్ మీద వేలు పెట్టాను. సరిగ్గా అప్పుడు ఎవరో వెనకనుంచి నా దుప్పటి పట్టుకుని లాగడం మొదలుపెట్టారు. ఊరుకోమని చేత్తో సైగ చేశాను. ఇంకా గట్టిగా లాగారు. దుప్పటితో పాటు నేను, నాతో పాటు స్టూలు, అందరం కలిసి వెనక్కి పడ్డాం. పడుతూ పడుతూ బటన్ నొక్కేశాను.

చూస్తే కాలనీలో తిరిగే ఆవు. దుప్పటి అంచు సగం దాని నోట్లో ఉంది.

"ఏమనుకోకమ్మా, పొద అనుకున్నాను" అంది ఆవు నములుతూనే. "ఇంత గుబురుగా ఉన్న పొద ఈమధ్య చూడలేదు."

ఆ గొడవకి జెముడుకాకి ఎటు పోయిందో పోయింది. ఫొటోలో రెండు పెద్ద ముక్కు రంధ్రాలు వచ్చాయి. తొండ గోడ మీద పడి పడి నవ్వింది.

"నువ్విచ్చిన సలహాయే కదే ఇది!" అన్నాను దుప్పటి దులుపుకుంటూ.

"ఆ జెముడుకాకికి తొండలంటే ఇష్టమమ్మా, భోజనానికి" అంది తొండ. "నువ్విలా రోజూ గలాభా చేస్తే అది ఇక్కణ్ణించి పోతుందేమోనని నా ఆశ." ఆ మాట చెప్పి చక్కగా ఎండలోకి జరిగి పడుకుంది.

మర్నాడు గోరింకలు రెండు మా ప్రహరీ మీద వాలాయి. మొగుడూ పెళ్ళాలు. మాట్లాడుకున్నా పోట్లాడుకున్నట్టే ఉంటుంది వాటికి.

"దాక్కుంటే ఏం లాభం? పిలవాలి" అంది మొగుడు గోరింక.

"దాని భాషలో పిలవాలి" అంది పెళ్ళాం గోరింక. "నువ్వు ఊరుకో, నేను చెప్తాను ఆవిడికి. ఇలా పొట్ట బిగపట్టి ఊప్ ఊప్ అనాలమ్మా."

పొట్ట నాకు కావలసినంత ఉంది. గోడ వెనకాల వంగి, కడుపు పట్టుకుని, "ఊప్! ఊప్! ఊప్!" అని మొదలుపెట్టాను. మొదట్లో కొంచెం మొహమాటపడ్డాను. రాను రాను బాగా కుదిరింది. కుదిరిందని ఇంకా గట్టిగా అరిచాను.

పొదలో ఆకులు కదిలాయి. గోడ మీంచి ఒక తల పైకి లేస్తున్నట్టు అనిపించింది. ఠక్కున కెమెరా ఎత్తి నొక్కేశాను.

"ఏమైందండీ మాణిక్యాంబగారండీ! వాంతులాండీ?"

నూకరాజుగారు. అటువైపు రోడ్డు మీద పోతూ నా గొంతు విని స్కూటరు పడేసి గోడ ఎక్కేశారు. "మీవారిని పిలవనాండీ? ఆటో తెమ్మంటారా? కదలకండి, కదలకండి!"

ఏమీ లేదని, జెముడుకాకిని పిలుస్తున్నానని చెప్పడానికి నా తల ప్రాణం తోకకి వచ్చింది. ఆయన నమ్మినట్టే తలాడించారు గానీ, వెళ్ళేటప్పుడు మా ఇంట్లో గ్లాసుడు మజ్జిగ అడిగి నా చేతికిచ్చి తాగమని మరీ వెళ్ళారు.

ఫొటో చూసుకున్నాం. నూకరాజుగారి మొహం, కళ్ళు ఇంతింత చేసుకుని, నోరు తెరుచుకుని. నా జీవితంలో మొట్టమొదటిసారి ఫొటోలో తల వచ్చింది.

"పోన్లే మాణిక్యం, ఒక తల సంపాదించావు" అన్నారు మీ పెదనాన్న.

నేను గోరింకల మీద ఎగిరిపడ్డాను. "అది రాలేదేం?"

"ఎలా వస్తుంది?" అంది పెళ్ళాం గోరింక. "నువ్వు 'ఇది నా జాగా, అడుగు పెడితే చంపుతా' అని అరిచావు కదా వాళ్ళ భాషలో. బాగానే అరిచావు. నేనే ఒక అడుగు వెనక్కి జరిగాను."

"ఆ ముక్క ముందు చెప్పొద్దా?"

"నువ్వు పిలవడం ఎలాగని అడిగావా? పిలవాలన్నది మా ఆయన, నేను అరవడం ఎలాగో చెప్పాను" అని అది మొగుడి మీద పడింది. ఇంక వాళ్ళ గొడవలో నేనెవరికీ అక్కర్లేదు.

నా అరుపులకి జెముడుకాకి చాలాసేపు బయటికి రాలేకపోయిందట. గూట్లో పిల్లలు నోళ్ళు తెరుచుకుని అలాగే కూర్చున్నాయట. ఉడుత చెప్తే తర్వాత తెలిసింది. అదొకటే కాదు, ఇంకొకటి కూడా జరిగింది. స్తంభం మీంచి కాకి ఆ పొద వైపే చూడడం మొదలుపెట్టింది.

"ఆ పొదలో ఏదో ఉంది" అని తనలో తను అనుకుందట. "ఏమీ లేకపోతే ఇంత లావు మనిషి ఇంత కష్టపడదు."

మర్నాడే ఫొటో ఇవ్వాల్సిన రోజు. సాయంత్రం ప్రెస్సుకి పంపించేస్తానని నూకరాజుగారు కబురుపెట్టారు. నేను మేడ మెట్ల మీద దిగులుగా కూర్చున్నాను. ఉడుత వచ్చి పై మెట్టు మీద నిలబడింది.

"అమ్మా, నీకు అన్నీ వచ్చు. ఒక్కటి చేతకాదు" అంది.

"ఫొటో తియ్యడమా?"

"అది కూడా చేతకాదనుకో. నేను అంటున్నది ఊరికే ఉండడం. నువ్వు దాన్నే చూస్తూ కూర్చుంటే అది ఎందుకొస్తుంది? నిన్ను ఎవరైనా వంటింటి కిటికీలోంచి అలా గుడ్లప్పగించి చూస్తే నువ్వు వంట చేస్తావా? నీ పని నువ్వు చేసుకో. దాని పని అది చేసుకుంటుంది."

నాకు కోపం వచ్చింది గానీ ఆ మాటే విన్నాను. చింతపండు బుట్ట తెచ్చుకుని మెట్ల మీదే కూర్చున్నాను. పిక్కలు తియ్యడం మొదలుపెట్టాను. కెమెరా పక్కన పెట్టుకున్నాను గానీ ముట్టుకోలేదు. పొద వైపు చూడలేదు. చూడకుండా ఉండడం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది, మెడ దానంతట అదే తిరిగేది. చింతపిక్కల మీద ధ్యాస పెట్టి పెట్టి, కాస్సేపటికి నిజంగానే జెముడుకాకి సంగతి మర్చిపోయాను.

అప్పుడు వచ్చింది.

గోడ మీద నడుచుకుంటూ, తాపీగా, ముక్కున ఒక నత్తని పట్టుకుని వచ్చింది. అటూ ఇటూ చూసింది. నన్ను కూడా చూసింది. చింతపండు ఒలిచే ఒక లావుపాటావిడ కనపడింది, అంతే. పొదలోకి దూరింది. నేను కూర్చున్న మెట్టు మీంచి చూస్తే రెండు కొమ్మల సందున ఒక కిటికీ అంత ఖాళీ ఉంది. ఆ ఖాళీలోంచి గూడు కనపడింది. గూట్లోంచి రెండు తలలు లేచాయి.

ఎంత వికారంగా ఉన్నాయో చెప్పలేను. నల్లటి చర్మం, దాని మీద తెల్లటి వెంట్రుకలు, స్నానం చేసి తల దువ్వుకోని ముసలి తాతల్లా ఉన్నాయి. ఎర్రగా నోళ్ళు తెరిచాయి. తల్లి వంగి నత్తని నోటికి అందించింది.

చింతపండు చేతులతోనే కెమెరా ఎత్తాను. కెమెరాలోకి తల్లి తల వచ్చింది. తోక వచ్చింది. ఇటుక రంగు రెక్క మీద ఎండ పడింది. రెండు నోళ్ళూ వచ్చాయి. ఎవరి తలా ఎక్కడా తెగలేదు. నా వేలు బటన్ మీద ఉంది.

జెముడుకాకి తలెత్తి సూటిగా నా వైపు చూసింది.

"తియ్యకమ్మా" అంది మెల్లగా.

"ఒక్కటే" అన్నాను నేను కూడా మెల్లగానే. "ఫొటో తీస్తే నెప్పి పుట్టదే."

"నీ ఫొటో అంటే నాకు భయం లేదు. నీ వెనకాల పైకి చూడు."

కెమెరా కదపకుండా మెడ మాత్రం తిప్పి చూశాను. మేడ మీద నీళ్ళ ట్యాంకు ఉంది. ట్యాంకు మీద కాకి ఉంది. మెడ సాచి, నా కెమెరా మూతి ఎటు ఉందో అటు చూస్తోంది. కొమ్మలు అడ్డం వచ్చి దానికింకా గూడు కనపడలేదు. రెండడుగులు ఇటు జరిగిందంటే కనపడిపోతుంది.

"పోయిన ఏడాది బస్టాండు దగ్గర పొదలో గుడ్లు పెట్టాను" అంది జెముడుకాకి. "నన్ను చూస్తే మంచిదని పరీక్షలకెళ్ళే పిల్లలు రోజూ వచ్చి తొంగి చూసేవాళ్ళు. వాళ్ళని ఏమీ అననమ్మా, ఒక్క రాయి వెయ్యలేదు. ఊరికే చూశారు. వాళ్ళు ఎటు చూస్తే కాకులు అటు చూశాయి. పిల్లలందరూ పాసయ్యారని విన్నాను. నాకు మాత్రం ఒక్క గుడ్డు మిగల్లేదు."

పైనుంచి కాకి అరిచింది. "ఏమ్మా! ఎవరితో మాట్లాడుతున్నావు? ఏముంది అక్కడ?"

ఒక అడుగు ఇటు జరిగింది.

ఇక్కడ మీ పెద్దమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా మంచి పని చేసిందని చెప్పాలని నాకూ ఉంది. కానీ ఆలోచించాను. ఫ్లెక్సీ గుర్తొచ్చింది. పెద్ద అక్షరాలు గుర్తొచ్చాయి. ఈ ఫొటో చూశాక మీ పెదనాన్న మొహం ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాను. నొక్కితే చాలు. అంత మంచి ఫొటో నా జన్మలో మళ్ళీ రాదని నాకు తెలుసు. ఏడుపొచ్చింది.

కానీ ఆ ముసలి తాతలు నోళ్ళు తెరుచుకునే ఉన్నారు.

కెమెరాని గిర్రున తిప్పి ట్యాంకు మీదికి పెట్టాను.

"నీతోనే మాట్లాడుతున్నానే!" అన్నాను గట్టిగా. "నిన్ను తీద్దామనే! ఎండ ఎలా ఉందోనని అటు పెట్టి చూసుకున్నాను. కదలకు."

కాకి రెండో అడుగు వెయ్యబోతూ ఆగిపోయింది.

"నన్నా?" అంది.

"నిన్నే."

"నన్నా?" అంది మళ్ళీ. గబగబా రెక్కలు సర్దుకుంది, ముక్కుని ట్యాంకుకి రాసి తుడుచుకుంది, ఎడమ వైపు తిరిగింది. ఇంక పొద లేదు, ఏమీ లేదు దానికి. నేను ఒకటి తీశాను. ఇంకోటి తియ్యమంది. రెక్క చాపి ఒకటి, తల వంచి ఒకటి, ఆకాశంలోకి చూస్తూ ఒకటి. నేను తీస్తూనే ఉన్నాను. ఓరకంట చూస్తే పొదలో కొమ్మలు కలిసిపోయి ఉన్నాయి. జెముడుకాకి పని ముగించుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం నూకరాజుగారు వచ్చారు. కెమెరా తీసుకుని చాలాసేపు చూశారు. అటు తిప్పి చూశారు, ఇటు తిప్పి చూశారు.

"ఇది... కాకండీ" అన్నారు చివరికి.

"అవునండీ. మన కాలనీ పక్షే కదండీ" అన్నాను.

"జెముడుకాకి దొరకలేదాండీ?"

నా నోట్లో నువ్వుగింజ నానదని మీ అమ్మ మీకు చెప్పే ఉంటుంది. నిజమే. కానీ ఆ పూట పళ్ళ బిగువున ఆపుకున్నాను. "దొరకలేదండీ" అన్నాను. ప్రెస్సువాడు ఫోను మీద ఫోను చేస్తున్నాడు. ఫ్లెక్సీ మధ్యలో జాగా ఖాళీగా ఉంది. నూకరాజుగారు నిట్టూర్చి కాకినే పట్టుకెళ్ళారు. గూడు సంగతి మీ పెదనాన్నకి కూడా చెప్పలేదు. చెప్పకుండా ఉండలేక కడుపు ఉబ్బిపోయింది.

చవితి వచ్చింది. పందిరి ముందు మనిషి ఎత్తు కాకి వెలిసింది. దాని కింద, ఆయన మాట తప్పలేదు పాపం, నిజంగానే పెద్ద అక్షరాలు: 'ఫొటో: శ్రీమతి మాణిక్యాంబ'.

"పందిరి ముందు కాకేంటండీ? వినాయకుడికి తద్దినం పెడుతున్నారా?" అన్నారు ఒకరు.

ఎవరో కొంటెవాళ్ళు ఆకులో పులిహోర ముద్ద పెట్టి ఫ్లెక్సీ ముందు ఉంచి దణ్ణం పెట్టి వెళ్ళారు. దాన్ని చూసి ఇంకొకరు పెట్టారు. మా వీధి ఆడవాళ్ళు నన్ను చూసినప్పుడల్లా పమిట అడ్డం పెట్టుకునేవాళ్ళు. నా పరువు నిమజ్జనం దాకా కూడా ఆగలేదు, మొదటి రోజే గంగలో కలిసింది. కూరలకి వెళ్ళాలంటే పందిరి తప్పించుకుని చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని.

"అక్షరాలు మాత్రం బాగా కుదిరాయి మాణిక్యం" అన్నారు మీ పెదనాన్న. ఆయన్ని అనుకుని లాభం లేదు, అంత అవకాశం వస్తే నేనూ వదలను.

నవ్వనిది ఒక్కటే. కాకి.

అది తెల్లారగానే వచ్చి ఫ్లెక్సీ మీద వాలేది. చీకటి పడేదాకా కదిలేది కాదు. చుట్టుపక్కల కాకులన్నిటినీ పిలిచి చూపించేది. "ఇది నేనే. చూశారా, ఎడమ వైపు" అనేది. ఎవరైనా ఫ్లెక్సీ మీద రెట్ట వేస్తారేమోనని కాపలా కాసేది. ఆకలేస్తే కింద పులిహోర ఉండనే ఉంది. ఒక్కసారి కూడా మా స్తంభం మీదికి రాలేదు. తుమ్మపొద దానికి గుర్తే లేదు.

పండగ జరిగినన్నాళ్ళూ ఉడుత నాకు కబుర్లు మోసేది. "తెల్ల వెంట్రుకలు రాలుతున్నాయమ్మా." "ఈకలొచ్చాయమ్మా." "పెద్దది గూడు దిగి కొమ్మ పట్టుకుందమ్మా." ఒక్కో కబురు వింటుంటే వీధిలో నవ్విన నవ్వులు నాకు కొంచెం కొంచెంగా వినపడడం మానేశాయి.

నిమజ్జనం అయింది. ఫ్లెక్సీ విప్పేశారు. కాకి ఖాళీ కర్రల మీద కాస్సేపు కూర్చుని, దిగులుగా మా స్తంభం మీదికి తిరిగొచ్చింది.

ఆ మర్నాడు పొద్దున్న నేను వాకిట్లో ముగ్గు వేస్తున్నాను. గోడ మీద చప్పుడైతే తలెత్తాను. జెముడుకాకి నడిచొస్తోంది. దాని వెనకాల రెండు పిల్లలు, తోకలు ఇంకా సగమే వచ్చాయి, పడుతూ లేస్తూ వస్తున్నాయి. నాకు బారెడు దూరంలో తల్లి ఆగింది.

"ఇప్పుడు తీసుకోమ్మా. ఇంక దాచేదేమీ లేదు" అంది.

నా రెండు చేతులకీ ముగ్గు పిండి. కెమెరా బీరువాలో ఉంది.

"తెచ్చుకో, ఆగుతాం" అంది.

స్తంభం మీద కాకి తల తిప్పడం చూశాను. "వద్దు, మీరు నడవండి" అన్నాను. అవి గోడ దిగి అవతలి ముళ్ళకంచెలోకి దూరాయి. కాకి ఒకసారి ఎగిరొచ్చి, ఆ ముళ్ళు చూసి వెనక్కి పోయింది. గూట్లో ఉన్న పిల్లల్ని ఎత్తుకుపోవడం తెలుసు గానీ, కాళ్ళొచ్చిన పిల్లల వెంట ముళ్ళలోకి దూరడం దానికి రాదు. కంచె లోపల్నించి "ఊప్... ఊప్..." అని పెద్ద గొంతు ఒకటి వినిపించింది. దాని వెనకే బొంగురుగా రెండు చిన్న గొంతులు. నేను పిండి చేతులతో అక్కడే నిలబడి ఏడ్చాను. నాకు అంత సంతోషంగా ఉంది.

మీ పెదనాన్న బయటికొచ్చి, "ఏమైంది?" అన్నారు.

"జెముడుకాకి కనిపించిందండీ."

"అయితే ఇవాళ మంచి జరుగుతుంది నీకు" అన్నారు ఆయన.

లోపలికెళ్ళి చూస్తే పొయ్యి మీద పెట్టిన పాలన్నీ పొంగిపోయి, గట్టంతా పారి, నేల మీదికి కారుతున్నాయి. ఆ పూట మా ఇంట్లో కాఫీ లేదు. నాకు జరగవలసిన మంచి అప్పటికే జరిగిపోయిందని ఆయనకి చెప్పలేదు, గిన్నె తోముకుంటూ ఊరుకున్నాను.

నీతి: దాక్కున్నవాళ్ళని పదిమందికీ చూపించాలని ఉబలాటపడకూడదు, వాళ్ళు దాక్కోవడానికి ఏదో కారణం ఉంటుంది, ఫొటో తియ్యమని నోరు తెరిచి అడిగినవాళ్ళు కాకులైనా సరే, కాదనకుండా ఒకటి తియ్యాలి.